పాత రంగు వదిలించేదెలా? మీ ప్రశ్నలు, మా జవాబులు

తలుపులు, కుర్చీలు, గ్రిల్స్ మీది పాత రంగును, వార్నిష్‌ను పెయింట్ రిమూవర్‌తో తీయడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఎంచుకుని ఈసారి జవాబులిస్తున్నాం. దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఒకే తొందర కనిపించింది. రిమూవర్ పూసిన కాసేపటికే గీకడం మొదలుపెడుతున్నారు. రిమూవర్ చేసేది నానబెట్టే పని. ఆ గడువు దానికివ్వకపోతే మిగతా భారమంతా మన చేతుల మీదా, చెక్క మీదా పడుతుంది.

ప్రశ్న: మా వీధి తలుపు టేకుది. దాని మీద నాలుగైదు సార్లు ఎనామెల్ వేశారు. అదంతా తీసేసి కలప కనిపించేలా వార్నిష్ వేయించాలని ఉందండీ. రిమూవర్ తెచ్చి బ్రష్‌తో బాగా రుద్దితే పైపొర అక్కడక్కడా లేచింది, మిగతాది జిగురులా అంటుకుపోయింది. ఎక్కడ తప్పు జరిగింది? ఒక తలుపుకి ఎంత రిమూవర్ పడుతుంది?

జవాబు: రెండు తప్పులు జరిగాయి. పలచగా పూశారు, పూశాక రుద్దారు.

చాలా రిమూవర్లలో కొద్దిగా మైనం కలిపి ఉంటుంది. పూసిన కొద్దిసేపటికి ఆ మైనం పైకి తేలి సన్నని పొరగా ఏర్పడి, కింద ఉన్న ద్రావకం ఆవిరైపోకుండా ఆపుతుంది. బ్రష్‌ను అటూ ఇటూ ఆడిస్తే ఆ పొర చిరిగిపోతుంది, ద్రావకం గాల్లో కలిసిపోతుంది. పెయింట్‌లోకి దిగాల్సింది పైనే ఆరిపోతుంది. మీకు మిగిలిన జిగురు అదే. కాబట్టి బ్రష్ నిండా తీసుకుని ఒకే దిశలో పరచండి. ఒకసారి పరిచాక మళ్లీ బ్రష్ పెట్టకండి. సహజ వెంట్రుకల బ్రష్ వాడాలి. నైలాన్ బ్రష్ కొన్ని రిమూవర్లలో మెత్తబడిపోతుంది, స్పాంజి బ్రష్ అయితే కరిగిపోతుంది.

ఎంత పడుతుందన్నది సులభమైన లెక్కే. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు మందాన పరిస్తే సరిగ్గా 1 లీటరు అవుతుంది. 2 మీటర్ల పొడవు, 80 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తలుపు ఒక ముఖం 1.6 చదరపు మీటర్లు. నాలుగైదు పొరలు కరగాలంటే 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల మందం కావాలి. అంటే ఒక్క ముఖానికే రెండున్నర నుంచి మూడు లీటర్ల పైచిలుకు. అర లీటరు డబ్బాతో తలుపంతా అవుతుందనుకుంటేనే పలచగా పూయాల్సి వస్తుంది.

ముందు తలుపును బందుల నుంచి విడదీసి రెండు బల్లల మీద పడుకోబెట్టండి. నిలువుగా ఉంటే రిమూవర్ జారిపోతుంది. గడియ, పిడి, బందులు అన్నీ తీసేయండి. కింద మందపాటి పాలిథీన్ పరిచి, దాని మీద పాత వార్తాపత్రికలు వేయండి. ఎండ తగలని చోటు, 18 నుంచి 27 డిగ్రీల వేడి అనుకూలం. 10 డిగ్రీల కంటే చల్లగా ఉంటే రసాయనం మందగిస్తుంది, ఎండలో పెడితే నానకముందే ఎండిపోతుంది. తలుపంతా ఒకేసారి పూయకండి. సగం మీటరు చదరం చొప్పున పని చేసుకుంటూ రండి. పూసిన వెంటనే పైన పలచని పాలిథీన్ షీటు కప్పి, బుడగలు లేకుండా అరచేత్తో మెల్లగా అదిమితే తడి చాలాసేపు నిలుస్తుంది.

ఎంతసేపు ఆగాలన్నది రకాన్ని బట్టి ఉంటుంది. మిథిలీన్ క్లోరైడ్ ఉన్నవి 10 నుంచి 30 నిమిషాల్లో రంగును ముడతలు ముడతలుగా లేపేస్తాయి. బెంజైల్ ఆల్కహాల్‌తో చేసిన జెల్ రకాలకు గంటలు కావాలి. మందపు పొరలకు రాత్రంతా వదిలేయాల్సి వస్తుంది. ఇవి రంగును ముడతలు పడనివ్వవు, మెత్తబరుస్తాయంతే. పైకి ఏమీ జరగనట్టే కనిపించడంతో చాలామంది రిమూవర్ పనిచేయలేదని పొరబడతారు. అందుకని మూలన ఒక వేలెడంత చోట పుట్టీ బ్లేడ్‌తో తోసి చూడండి. బ్లేడ్ చెక్కదాకా దిగి పొరలన్నీ కలిసి వెన్నలా వస్తే సిద్ధమైనట్టు. పైపొర ఒక్కటే వస్తే పాలిథీన్ మళ్లీ కప్పేయండి.

గీకడానికి పదునైన బ్లేడ్ వద్దు. పుట్టీ బ్లేడ్ అంచును, ముఖ్యంగా రెండు మూలలను ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి. నానిన కలప పైపొర మెత్తగా ఉంటుంది, పదును మూల తగిలితే పడే గీత వార్నిష్ వేశాక ఎదురుగా నిలబడి కనిపిస్తుంది. కలపలోని ఈనెల (సహజ చారల) వెంట, బ్లేడ్‌ను బాగా వాల్చి తోయండి. వచ్చిన ముద్దను ఎప్పటికప్పుడు పాత రేకు డబ్బాలోకి తీసేయండి. మిగిలిన రంగు మీద ఇంకో పూత వేసి, మళ్లీ కప్పి, మళ్లీ తీయాలి. నాలుగైదు పొరలున్న తలుపుకి రెండు పూతలు మామూలే. రెండో పూత వేసే ఓపిక లేక చివరి పొరను ఎమరీ పేపర్‌తో తీయబోతే, మెత్తబడిన రంగు కాగితంలో ఇరుక్కుని నిమిషంలో అది మొద్దుబారుతుంది, రంగు ఈనెల్లోకి ఇంకా దిగబడుతుంది.

నగిషీ ఉన్న చోట బ్లేడ్ పెట్టొద్దు. మూలలకు సన్నగా చెక్కిన వెదురుపుల్ల, గాళ్లకు పాత పళ్లబ్రష్, కడ్డీల గుండ్రపు పనికి జనపనార తాడు సరిపోతాయి. తాడును గాడిలో చుట్టి రెండు కొసలూ పట్టుకుని ఇటూ అటూ లాగితే గాడి ఆకారం చెడకుండా రంగు ఊడొస్తుంది. పొడి రంపపు పొట్టు చల్లి గుడ్డతో రుద్దినా మిగిలిన జిగురును అది పీల్చేస్తుంది.

ప్రశ్న: పాత కుర్చీల మీద ఉన్నది స్పిరిట్ పాలిషో, లాకరో, పాలీయురెథేనో ఎలా తెలుస్తుంది? అన్నిటికీ ఒకటే రిమూవర్ సరిపోదా?

జవాబు: బలమైన రిమూవర్ చాలావాటిని తీస్తుంది. కానీ స్పిరిట్‌తో పోయేదానికి అంత ఘాటైన రసాయనం ఎందుకు? కుర్చీ సీటు అడుగున, కనిపించని చోట చిన్న పరీక్ష చేయండి.

ముందు మిథిలేటెడ్ స్పిరిట్ రెండు చుక్కలు వేసి, ఒకటి రెండు నిమిషాలాగి వేలితో తాకండి. జిగటగా మారి వేలికి అంటుకుంటే అది లక్కతో చేసిన స్పిరిట్ పాలిష్. ఏమీ కాకపోతే పక్కన లాకర్ థిన్నర్ వేయండి. కరిగితే నైట్రోసెల్యులోజ్ లాకర్. ఈ వరుస తప్పకూడదు, ఎందుకంటే థిన్నర్ లక్కనూ కరిగిస్తుంది. మొదటే థిన్నర్ వేస్తే రెండింటికీ తేడా తెలియదు. రెంటికీ లొంగకపోతే జైలీన్ ఒక చుక్క వేసి చూడండి. మెత్తబడి అంటుకుంటే నీటి ఆధారిత వార్నిష్. మూడింటికీ చలించకుండా ఉంటే నూనె వార్నిష్ గానీ పాలీయురెథేన్ గానీ అయి ఉంటుంది.

రంగు విషయంలో కూడా స్పిరిట్ పనికొస్తుంది. గుడ్డను స్పిరిట్‌లో ముంచి గట్టిగా రుద్దితే రంగు గుడ్డకు అంటితే అది ఎక్రిలిక్, అంటకపోతే ఎనామెల్.

లక్క పాలిష్ అని తేలితే పని తేలిక. పాత నూలుగుడ్డను స్పిరిట్‌లో తడిపి కుర్చీ చేతి మీద పరచండి, పైన పాలిథీన్ కప్పి పది పదిహేను నిమిషాలు వదిలేయండి. తరవాత ముతక గుడ్డతో తుడిస్తే గోధుమరంగు ముద్దగా వచ్చేస్తుంది. స్పిరిట్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది కనుక పొయ్యి, దీపం, సిగరెట్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

రెండు భాగాలు కలిపి వేసే పాలీయురెథేన్, మెలమిన్, ఎపాక్సీ పూతలు మాత్రం మొండివి. వాటి అణువులు ఒకదానికొకటి గొలుసుల్లా బిగుసుకుని ఉంటాయి కాబట్టి ద్రావకంలో కరగవు, ఉబ్బుతాయంతే. పైపొరను 60 లేదా 80 నంబరు ఎమరీతో గీతలు పడేలా రుద్ది, ఆ తరవాత రిమూవర్ పూస్తే గీతల్లోంచి లోపలికి దిగుతుంది. సీసం ఉందేమోనన్న అనుమానం ఉంటే ఈ రుద్దుడు వద్దు. దాని గురించి కింద రాశాం.

ప్రశ్న: స్నానాల గదిలో ఇనుప తొట్టి పాత పూత తీయాలి. దగ్గరున్న రిమూవర్ డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ అని ఉంది. మాస్క్ పెట్టుకుని, కిటికీ తెరుచుకుని చేసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఈ జవాబులో మేం ఏ మినహాయింపూ ఇవ్వం.

మిథిలీన్ క్లోరైడ్‌కే డైక్లోరోమీథేన్ అనీ పేరు. అది సుమారు 40 డిగ్రీలకే మరిగిపోతుంది. మామూలు గది వేడికే వేగంగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలి కంటే దాదాపు మూడు రెట్లు బరువు కాబట్టి పైనున్న కిటికీలోంచి బయటికి పోదు, కిందికి దిగి తొట్టిలో నిండుకుంటుంది. తొట్టిలోకి వంగి గీకుతున్న మనిషి ముఖం సరిగ్గా ఆ ఆవిరిలో ఉంటుంది. మొదట తల తేలికగా అనిపిస్తుంది, ఆ తరవాత స్పృహ పోతుంది. అమెరికాలో 2000 నుంచి 2011 వరకు స్నానపు తొట్టెల పూత తీస్తూ ఈ రసాయనం వల్ల 13 మంది పనివాళ్లు చనిపోయినట్టు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2012లో ప్రకటించింది. వాళ్లంతా ఈ పనే వృత్తిగా చేసుకునేవాళ్లు.

ఇంకో ప్రమాదం ఉంది. పీల్చిన మిథిలీన్ క్లోరైడ్‌లో కొంత భాగాన్ని మన కాలేయం కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. అది రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. పని ఆపి బయటికొచ్చాక కూడా కొన్ని గంటలపాటు ఈ మార్పు సాగుతూనే ఉంటుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఇది మరింత ముప్పు. దీనికి క్యాన్సర్ కలిగించే అవకాశం కూడా ఉంది. ఈ కారణాలతో యూరోపియన్ యూనియన్ 2011 చివరికల్లా సామాన్య జనానికి ఈ రిమూవర్ల అమ్మకాన్ని ఆపేసింది, అమెరికా 2019లో ఆపేసింది.

మాస్క్ సంగతి. దుమ్ము మాస్క్, ఎన్95 ఆవిరిని అసలు ఆపవు. కార్బన్ గుళికలున్న రబ్బరు మాస్క్ థిన్నర్ లాంటి ద్రావకాలకు పనికొస్తుంది గానీ మిథిలీన్ క్లోరైడ్ ఆ గుళికను కొద్దిసేపట్లోనే దాటి వచ్చేస్తుంది. మామూలు రబ్బరు, నైట్రైల్ గ్లౌజులనూ నిమిషాల్లో దాటుతుంది. చేతికి చల్లగా, ఆ వెంటనే మంటగా అనిపించిందంటే లోపలికి వచ్చేసినట్టే.

డబ్బా మీది పదార్థాల పేర్లు చదివి బెంజైల్ ఆల్కహాల్ ఉన్న జెల్ తీసుకోండి. దాంతో ఒక రాత్రి ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. దానికీ గాలి ఆడాలి, కళ్లద్దాలు, గ్లౌజులు కావాలి. ఎన్-మిథైల్ పైరోలిడోన్ అనే పేరు కనిపిస్తే అదీ వదిలేయండి. వాసన తక్కువే గానీ చర్మంలోంచి ఒంట్లోకి వెళ్తుంది, గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది.

ఒక్క మాట అందరికీ. మిథిలీన్ క్లోరైడ్ పూసిన చోట మిగిలిపోయిన రంగును హీట్ గన్‌తో (వేడిగాలి ఊదే పరికరంతో) తీద్దామని ఎవరూ ప్రయత్నించకండి. వేడికి, మంటకి ఆ ఆవిరి విడిపోయి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆ డబ్బాను వేసవిలో వేడి గదిలో ఉంచితే లోపల ఒత్తిడి పెరిగి మూత తీయగానే చిమ్ముతుంది. పారవేయడానికి ఇచ్చేదాకా చల్లని చోట పెట్టండి, తెరవకండి.

ప్రశ్న: కాస్టిక్ సోడాతో రంగు తీస్తే ఖర్చు కలిసొస్తుందని వడ్రంగి అంటున్నాడు. నిజమేనా?

జవాబు: ఎనామెల్ లాంటి నూనె రంగులకు నిజమే. సోడా నూనెను సబ్బుగా మార్చేస్తుంది, రంగు పట్టు వదిలేస్తుంది. ఎక్రిలిక్ మీద అంతగా పనిచేయదు.

కలప మీద దాని ప్రభావం వేరు. టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువున్న చెక్కలు నల్లబడతాయి. ఓక్, మహాగని, తుమ్మ లాంటివి ఒక్క పూతకే ముదురు గోధుమలోకి దిగిపోతాయి. నీరు బాగా తాగడంతో ఈనెలు లేచి పైభాగం గరుకు తేలుతుంది. పాత సామానులో జంతు జిగురుతో అతికించిన కీళ్లు వదులవుతాయి, వెనీర్ (పైన అతికించిన పలచని కలప పొర) అయితే పొంగి ఊడిపోతుంది. కలప కనిపించేలా వార్నిష్ వేసేవాళ్లకు సోడా మేం సిఫారసు చేయం. తీశాక మళ్లీ రంగే వేసే నాటు తలుపులకు, ఇనుప సామానుకు సరే. అల్యూమినియం, జింకు పూత ఉన్న రేకు దగ్గరికి మాత్రం రానివ్వకండి. లోహాన్ని తినేస్తూ, మండే హైడ్రోజన్ వాయువును వదులుతుంది.

చేసేటట్టయితే లీటరు చల్లని నీటికి 100 గ్రాములు చాలు. నీళ్లలో సోడా కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. మందపాటి పాలిథీన్ లేదా స్టీలు బకెట్ వాడండి. కలుపుతున్నప్పుడే ద్రవం వేడెక్కుతుంది, చల్లారనివ్వండి. పొడవు చేతుల చొక్కా, మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు, పక్కలు మూసుకుపోయే కళ్లద్దాలు లేకుండా మొదలుపెట్టకండి. కంట్లో పడితే ధారగా నీళ్లు పోస్తూ కనీసం 20 నిమిషాలు కడగాలి, ఆ తరవాత వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కంటికి వెనిగర్ పెట్టడం పొరపాటు.

రంగు తీశాక మొదట ధారాళంగా నీళ్లతో కడిగి, ఆపైన తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి తుడిచి, మళ్లీ నీళ్లతో కడగండి. తడి చెక్కకు పీహెచ్ కాగితం (ఆమ్లమో క్షారమో రంగు మారి చూపేది) ఆనించి చూడండి, 7 దగ్గరికి రావాలి. సోడా మిగిలితే కొత్త రంగును కిందినుంచి సబ్బుగా మారుస్తూ పోతుంది, కొన్నాళ్లకు రంగు పెచ్చులుగా ఊడుతుంది. వారం పది రోజులు నీడన ఆరనిచ్చాకే ప్రైమర్ వేయాలి.

ప్రశ్న: రిమూవర్‌తో శుభ్రంగా తీసి వార్నిష్ వేశాం. నాలుగు రోజులైనా కొన్ని చోట్ల ఆరడం లేదు, వేలిముద్రలు పడుతున్నాయి. వార్నిష్ నాసిరకమా?

జవాబు: వార్నిష్‌ను అనుమానించే ముందు మైనాన్ని అనుమానించండి. రిమూవర్‌లో ఉన్న మైనం ఈనెల్లో, గాళ్లలో, కీళ్ల దగ్గర మిగిలిపోతుంది. దాని మీద వార్నిష్ ఆరదు, ఆరినా పట్టదు. మీరు చెప్పిన చోట్లు మూలలు, గాళ్లే అయితే ఇక సందేహం లేదు.

ఆరని వార్నిష్‌ను మినరల్ టర్పెంటైన్‌తో పూర్తిగా తుడిచేయండి. తరవాత ముతక స్కాచ్ ప్యాడ్‌ను టర్పెంటైన్‌లో ముంచి ఈనెల వెంట రుద్ది, తడి ఆరకముందే శుభ్రమైన పొడి గుడ్డతో తుడవాలి. ఈ తుడవడమే కీలకం. ఆరనిస్తే కరిగిన మైనం ఉన్నచోటే మళ్లీ పేరుకుంటుంది. గుడ్డ మార్చి ఇంకోసారి చేయండి. ఒక రాత్రి ఆరనిచ్చి, 150 లేదా 180 నంబరు ఎమరీతో తేలికగా రుద్ది, వార్నిష్ వేయండి. టేకు అయితే చెక్కలో సహజమైన నూనె ఉంటుంది కనుక వార్నిష్ వేసే ముందు ఎసిటోన్‌తో ఒకసారి తుడిస్తే పట్టు బాగుంటుంది.

ఎమరీతో మైనం పోతుందనుకోవద్దు. రాపిడి వేడికి అది కరిగి ఇంకా లోపలికి దిగుతుంది. నీటితో కడగమని డబ్బా మీద రాసి ఉన్న రిమూవర్లకు నీరే వాడండి. గుడ్డ తడిపి పిండి తుడిస్తే చాలు, చెక్కను నీళ్లతో ముంచెత్తొద్దు.

ప్రశ్న: రంగంతా పోయాక చెక్క మీద చిన్న చిన్న నల్లమచ్చలు తేలాయి. ఎమరీతో రుద్దినా పోవడం లేదు.

జవాబు: స్టీల్ ఊల్ (సన్నని ఇనుప పీచు) వాడి ఉంటారు. దాని ముక్కలు ఈనెల్లో విరిగి ఉండిపోతాయి. తడి తగిలాక ఇనుమూ, చెక్కలోని టానినూ కలిసి నల్లని మరక అవుతుంది. నీటి ఆధారిత రిమూవర్‌తో స్టీల్ ఊల్ అసలు వాడకూడదు, ప్లాస్టిక్ స్కాచ్ ప్యాడ్ వాడాలి.

ముందు అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి చెక్క మీద తిప్పి మిగిలిన ఇనుప తునకలు లాగేయండి. లీటరు వేడి నీళ్లలో 50 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కరిగించి, ప్లాస్టిక్ గిన్నెలోంచి బ్రష్‌తో పూయండి. మచ్చ మీద మాత్రమే పూస్తే అక్కడ తెల్లని వలయం పడుతుంది, అందుకే పలక మొత్తానికీ పూయాలి. అరగంటకు మరక వెలిసిపోతుంది. మూడుసార్లు మంచినీళ్లతో కడగండి. సరిగ్గా కడగకపోతే ఆరాక తెల్లని స్ఫటికాలు తేలతాయి. వాటిని పొడిగా ఉండగా రుద్దితే ఆ పొడి ముక్కులో, గొంతులో మంట పుట్టిస్తుంది. ఇది విషం, పిల్లలకు అందకూడదు.

ప్రశ్న: మా తాతగారి కాలం నాటి ఊయల తొట్టికి రంగు తీసి పాపాయికి వాడదామనుకుంటున్నాం. పాత రంగుల్లో సీసం ఉంటుందంటారు. రిమూవర్ వాడితే ఆ భయం ఉండదు కదా?

జవాబు: దుమ్ము లేవదు కాబట్టి ఎమరీ కంటే, హీట్ గన్ కంటే రిమూవర్ మంచిది. అయితే సీసం ఎక్కడికీ పోదు, గీకిన ముద్దలోకి చేరుతుంది, కొంత ఈనెల్లోనూ ఉండిపోతుంది.

అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. చాలా దేశాల్లో నియమాలు అంతకంటే చాలా ఆలస్యంగా వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పరిమితి 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు. పాత ఎనామెల్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫర్వాలేదనగలిగే స్థాయి ఏదీ లేదని కూడా ఆ సంస్థే చెబుతోంది. కాబట్టి గీకడానికి ముందే అన్ని పొరలూ కలిసిన చిన్న పెచ్చును ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. రంగు మారే పరీక్ష కిట్లు పైపొరనే చూస్తాయి. కింది పొరలు బయటపడేలా ఏటవాలుగా గాటు పెట్టి పరీక్షిస్తేనే వాటికి అర్థం ఉంటుంది.

సీసం ఉందని తేలితే గర్భిణులను, పిల్లలను ఆ చోటికి రానివ్వకండి. పొడిగా రుద్దడం, మంటతో కాల్చడం పూర్తిగా మానండి. ముద్ద ఎండకముందే పాలిథీన్‌లో చుట్టేయండి. ఇంట్లోని మామూలు వాక్యూమ్ క్లీనర్ సన్నటి దుమ్మును తిరిగి గాల్లోకి ఊదుతుంది, దాన్ని వాడొద్దు. సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. ఆరోజు వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి, చేతులు కడగకుండా ఏదీ తినకూడదు.

ఊయల విషయంలో మా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతున్నాం. బిడ్డ పళ్లతో కొరికే వస్తువు అది. సీసం తేలితే ఎంత బాగా తీసినా పాపాయిని అందులో పడుకోబెట్టకండి. జ్ఞాపకంగా దాచుకోండి.

ప్రశ్న: కిటికీ ఇనుప గ్రిల్స్‌కీ, ఇత్తడి పిడులకీ ఏం చేయాలి?

జవాబు: గ్రిల్‌కు మిథిలీన్ క్లోరైడ్ లేని ఏ రిమూవర్ అయినా సరే. పూసి, పాలిథీన్ చుట్టి, నానాక తీగల బ్రష్‌తో తోమండి. పూత పోయిన ఇనుము కొన్ని గంటల్లోనే తుప్పు పడుతుంది. నీళ్లతో కడిగితే వెంటనే పొడిగుడ్డతో తుడిచి, టర్పెంటైన్‌తో ఇంకోసారి తుడిచి, ఆరోజే తుప్పు నిరోధక ప్రైమర్ వేసేయాలి. మర్నాటికి వాయిదా వేస్తే మళ్లీ తోమాల్సిందే. చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేమ్, రబ్బరు పట్టీలు ఉంటే ముందే టేపుతో కప్పండి, ద్రావకం వాటిని కరిగిస్తుంది.

ఇత్తడి పిడుల మీది రంగుకు రసాయనమే అక్కర్లేదు. పాత గిన్నెలో నీళ్లు, చెంచాడు వంటసోడా వేసి సన్నని సెగ మీద రెండు మూడు గంటలు ఉంచితే రంగు తొక్కలా ఊడొస్తుంది. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడొద్దు.

ప్రశ్న: గీకిన ముద్ద, తుడిచిన గుడ్డలు చెత్తబుట్టలో వేసేయొచ్చా?

జవాబు: మురికి కాలువలో పోయొద్దు, తడి గుడ్డలు కుప్పగా పెట్టొద్దు. టర్పెంటైన్, థిన్నర్ తగిలిన గుడ్డలను ఆరుబయట తీగ మీద విడివిడిగా ఆరేయండి. కొత్త పాలిష్‌కు అవిసె నూనె వాడినట్టయితే ఆ గుడ్డలు ముద్దగా ఉంటే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. అలాంటివి నీళ్లున్న రేకు డబ్బాలో ముంచి మూత పెట్టాలి. సీసం లేని ముద్దను నీడన, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా కాగితం మీద ఎండనిచ్చి, మీ ఊళ్లో ప్రమాదకర చెత్త తీసుకునే ఏర్పాటుకు అప్పగించండి.

ప్రశ్న: అమ్మమ్మ ఇచ్చిన రాత బల్ల మీద పాలిష్ అక్కడక్కడా తెల్లబడింది, సన్నని పగుళ్లు వచ్చాయి. మొత్తం తీసి కొత్తగా వేయిస్తే బాగుంటుందా?

జవాబు: తీయకండి, ఇప్పుడే కాదు. ముందు పైన చెప్పిన స్పిరిట్ చుక్క పరీక్ష చేయండి. అది లక్క పాలిష్ అయితే దాన్ని తీయకుండానే బాగుచేయొచ్చు. మెత్తని బ్రష్‌ను స్పిరిట్‌లో ముంచి, దాదాపు పొడిగా అయ్యేదాకా పిండి, పగుళ్ల మీద ఈనెల వెంట ఒక్కసారి లాగండి. పాత పాలిష్ కొద్దిగా కరిగి, పారి, పగుళ్లను తానే పూడుస్తుంది. మళ్లీ అదే చోట బ్రష్ పెట్టాలంటే గంటైనా ఆగాలి, లేకపోతే పాలిష్ ముద్ద కట్టి లేచి వస్తుంది. తెల్లదనం లోపలికి చేరిన తేమ వల్ల వచ్చిందే అయితే స్పిరిట్ ఆరుతున్నప్పుడు అదీ పోతుంది. మబ్బు పట్టి తేమగా ఉన్న రోజున ఈ పని పెట్టుకోకండి, ఉన్న తెలుపు తగ్గకపోగా కొత్తది చేరుతుంది.

పైన మైనం పాలిష్ ఉంటే ముందు టర్పెంటైన్ గుడ్డతో తుడిచేయండి. బల్ల పైపలక వెనీర్‌ది అయితే అంచు దగ్గర చూడండి. ఈనెలు పైనుంచి పక్కకు తిరగకుండా సన్నని గీత దగ్గరే ఆగిపోతాయి. అలాంటి పలక మీద నీటి ఆధారిత రిమూవర్ గానీ, సోడా గానీ వద్దు. పాలిష్ పెచ్చులుగా రాలిపోతుంటేనో, ఎవరో పైన ఎనామెల్ కొట్టి ఉంటేనో అప్పుడు రిమూవర్ తీయండి. అదీ ముందు సొరుగు వెనకవైపు చేసి చూశాకే.